మూడో వరసలో ఇస్కో

ఇస్కో చనిపోయి పదకొండు వారాలైంది. కథలోనైతే రెండేళ్ళు. అలాంటివాడు ఆ గురువారం చర్చిలో మూడో వరసలో నిలబడి తన పెళ్ళాం రెండో పెళ్ళి చూస్తున్నాడు.

అది ముందు కనిపెట్టింది తినాంగ్. మనీలాలో, సాంపలోక్ పేటలో ఆమెది చిల్లర కొట్టు. కొట్టు ముంగిట పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో కామిక్స్ పుస్తకాలు వేలాడదీస్తుంది. అద్దె ఇచ్చి బెంచీ మీద కూర్చుని చదువుకుని, మళ్ళీ క్లిప్పుకు తగిలించి పోవాలి. తెర్యో రోజూ పొద్దున రొట్టె కొనేది ఆ కొట్లోనే. ఆ వేళ అతను వెళ్ళేసరికి నలుగురు ఆడవాళ్ళు ఒకే పుస్తకం మీద తలలు ఆనించి ఉన్నారు. అతన్ని చూసి నలుగురూ నవ్వారు. తెర్యోని చూసి ఆ పేటలో ఎవరూ నవ్వరు.

"మీరు మామూలు ముదురు కాదు మాంగ్ తెర్యో," అంది తినాంగ్. పెద్ద మగవాళ్ళని మాంగ్, ఆడవాళ్ళని ఆలింగ్ అనడం ఆ ఊరి మర్యాద. "తొమ్మిది రోజులు మాచేత జపమాల తిప్పించారు. తొమ్మిదోనాడు నేను పంది మాంసం వండి వీధంతా పెట్టాను. వీడు చూడబోతే పెళ్ళిలో పౌడరు రాసుకుని నించున్నాడు."

"ఎవడు?"

"ఎవడంటాడే! రాసింది మేమా?"

రాసింది అతనే. 'హబాగాత్' వారపత్రికలో 'పోటు తీసిన నీరు' అనే కథ, ముప్పై మూడో భాగం. ఇస్కో జాలరి. మరింగ్ అతని భార్య. ఇరవై రెండో భాగంలో ఇస్కో పడవ తుపానులో బోర్లా పడింది. ఆ వారం తినాంగ్ కొట్టు వెనక గదిలో మేరీమాత బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించి, పేట ఆడవాళ్ళంతా ఇస్కో ఆత్మకోసం నిజంగానే తొమ్మిది రోజులు ప్రార్థన చేశారు. తెర్యోనీ పిలిచారు. తన చేత్తో చంపినవాడి కర్మకు తానే వెళ్ళి తినడం బాగుండదని అతను వెళ్ళలేదు.

పుస్తకం అందుకుని చూశాడు. మరింగ్ పెళ్ళి బట్టల్లో ఉంది. పక్కన కొత్త పెళ్ళికొడుకు, బడిపంతులు దెల్ఫిన్. వెనక బంధువులు. మూడో వరసలో, ఎడమనుంచి నాలుగోవాడు. కనుబొమ మీద గాటు. ఒక చెవి చేటలా బైటికి. వాడే, సందేహం లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఈ చచ్చినవాడు కళ్ళు చారెడేసి చేసుకుని పెళ్ళికూతుర్నే చూస్తున్నాడు.

తెర్యో రొట్టె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

అతని ఊరు నువేవా ఎసిహా వరిపొలాల్లో ఉంది. చదువు ఆరో తరగతి. ఆ ఊళ్ళో కోతలవాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాడు అతనొక్కడే కాబట్టి, కళ్ళం మీద మధ్యాహ్నం పూట ఉన్న ఒక్క కామిక్స్ పుస్తకం అతని చేతికిచ్చి చదవమనేవారు. పుస్తకం అతని దాకా వచ్చేసరికి చివరి పేజీ ఉండేది కాదు. ఎవడో పొగాకు చుట్టుకుని కాల్చేసేవాడు. చివర ఏమైందో చెప్పకపోతే జనం ఊరుకోరు. అందుకని కల్పించి చెప్పేవాడు. తర్వాత ఎప్పుడో అసలు ముగింపు తెలిసినా, మీ వాడిదే బాగుందని తండ్రితో అనేవారు. మావాడు చదివేదానికన్నా చదవనిదే బాగుంటుందని తండ్రి పొలం గట్లమీద చెప్పుకు తిరిగేవాడు. పంతొమ్మిదో ఏట మనీలా వచ్చి, అచ్చాఫీసులో పుస్తకాల కట్టలు కట్టే పనిలో చేరాడు. కట్టలు కడుతూ కడుతూ ఒకనాడు తను రాసింది ఎడిటరు బల్లమీద పెట్టి పారిపోయాడు. మర్నాడు పిలిచి బూతులు తిట్టి, ఇంకో పది పేజీలు రాయమన్నారు.

ఇప్పుడతనికి యాభై నాలుగు. గదిలో గోడకు అయిదు మేకులున్నాయి. మేకుకో కథ, ఒకే అచ్చాఫీసు నుంచి రోజుకొకటి వచ్చే అయిదు వారపత్రికలకు. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, అలా శుక్రవారం దాకా. పొద్దున ఆరింటికి టైపు మిషను ముందు కూర్చుంటే పదకొండున్నరకు ఆ వారం భాగం మేకుకు గుచ్చి, చేపలు వేయించుకుని తినేవాడు. మధ్యాహ్నం నిద్ర. అచ్చులో పేరు. ఈ బతుకు మీద అతనికి ఫిర్యాదేమీ లేదు.

నియమం మాత్రం ఒకటుంది. అతని కథల్లో చచ్చినవాడు లేవడు. మిగతా రచయితలు మనిషిని కొండమీంచి తోసి, ఆరు వారాలకు మతిమరుపుతో వెనక్కి తెచ్చేవారు. లేదా కవల తమ్ముడంటారు. తెర్యో అలా చెయ్యడు. తొమ్మిదేళ్ళ కిందట అతని భార్య బెలెన్ ఊపిరితిత్తుల జబ్బుతో మూడు నెలల్లో పోయింది. ఖననమైన వారమే అప్పటి ఎడిటరు కబురు పెట్టాడు, పాఠకులు ఏడుస్తున్నారు, పోయిన నెల చంపిన ఆ పిల్లను బతికించమని. తెర్యో చీటీ మీద రాసి పంపాడు: 'నా మనిషి లేవలేదు. ఆ పిల్లా లేవదు.' అప్పట్నుంచి అతని కథలో ఎవరైనా దగ్గితే చాలు, చదివేవాళ్ళు హడలిపోయేవారు. అతని పేరు నిలబడింది ఆ భయం మీదే.

శుక్రవారం ఆఫీసుకెళ్ళాడు. ఎడిటరు కాసిలాగ్ బల్లమీద అప్పటికే ఉత్తరాల గుట్ట. కాసిలాగ్ చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. రెండే దారులన్నాడు. ఒకటి, ఇస్కో బతికే ఉన్నాడు. రెండోది, అది చిత్రకారుడి పొరపాటని అచ్చు వేస్తాడు. వేశాక ఆ బొమ్మలు గీసే ఉస్తింగ్‌ను ఉంచడం కుదరదు. కొత్తవాడొకడు ఉన్నాడు, ఆడపిల్లలకు కాళ్ళు పొడుగ్గా గీస్తాడు.

"నా కథలో చచ్చినవాడు లేవడు," అన్నాడు తెర్యో.

"అయితే రెండోదేగా." కాసిలాగ్ కలం తీశాడు.

"గడువెంత?"

"సోమవారం పొద్దున పది."

"అయితే సోమవారం చెప్తా."

ఉస్తింగ్ అతనికి పద్దెనిమిదేళ్ళుగా బొమ్మలు గీస్తున్నాడు. పెద్దకూతురి బాప్తిస్మానికి తెర్యోనే జ్ఞానతండ్రిగా నిలబెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఒకరికొకరు 'పారే'. ఆ పద్దెనిమిదేళ్ళలో తెర్యో మరో పన్నెండు మంది చిత్రకారుల్ని వెళ్ళగొట్టించాడు. ఒకడు చేతికి ఆరు వేళ్ళు గీశాడని. ఒకడు విధవ మెడలో పూసలు వేశాడని. ఉస్తింగ్‌ను మాత్రం ఎప్పుడూ ఏమీ అనవలసి రాలేదు. సముద్రం గీయడంలో అతన్ని మించినవాడు లేడు. ఇలాంటి తప్పు వేరేవాడు చేసుంటే తెర్యో ఆఫీసులోనే సరేననేసి వచ్చేవాడు. ఉస్తింగ్‌ను ఎదురుగా నిలబెట్టి తిట్టి, ఆ తర్వాతే వదిలెయ్యాలనుకున్నాడు.

శనివారం పొద్దున ఉస్తింగ్ ఉండే నవోతస్ వెళ్ళాడు. నీళ్ళ అంచున గుంజల మీద నిలబెట్టిన ఇల్లు. తలుపు తీసే ఉంది. ఉస్తింగ్ కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నాడు. బొమ్మలు గీసే పలక ముందు అతని భార్య సెదెస్ కూర్చుని ఉంది. ఆమె చేతిలో కుంచె. బొటనవేలంతా సిరా.

తెర్యో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఉస్తింగ్ కుడిచేయి బల్ల కిందనుంచి తీసి చూపించాడు. అది దానంతటది వణుకుతోంది. రెండేళ్ళ కిందట ఓ పొద్దున లేచేసరికి ఒక పక్క పట్టు తప్పిందట. నడక వచ్చింది కానీ చెయ్యి కుదుటపడలేదు. మొహాలు రెండు చేతులతో పట్టుకుని పెన్సిలుతో గీస్తాడు. సిరా ఆమె పట్టిస్తుంది. వలలు, దడులు, గుంపులు, నీళ్ళు, అన్నీ ఆమెవే. చూసి గీయడానికి కథలోని మనుషుల మొహాలన్నీ ఆమె ఎదుట గోడకు అంటించి ఉన్నాయి.

"రెండేళ్ళా?"

"రెండేళ్ళు, పారే. ఆఫీసులో తెలిస్తే ఉంచరు."

ఈ రెండేళ్ళలో ఉస్తింగ్ నీళ్ళు మునుపటికన్నా బాగుంటున్నాయని తెర్యో రెండుమూడు సార్లు అనుకున్నాడు. పైకి అనలేదు.

సెదెస్‌కు ఇవేమీ పట్టినట్టు లేదు. కాఫీ పెట్టింది. ఎండుచేప కాల్చి, పక్కన వెల్లుల్లి వేసిన వెనిగరు పెట్టింది. మళ్ళీ పలక ముందు కూర్చుని, ఇస్కోని ఈమధ్య ఎక్కడికి పంపారని అడిగింది. పదకొండు వారాలుగా వాడి మొహం తన చేతికి రాలేదట. పోనీలే, పెళ్ళిలో దొరికాడు, గట్టిగా సిరా పట్టించానంది.

ఆమె వెనకనుంచి ఉస్తింగ్ ఆ వణికే చేత్తోనే వద్దు వద్దని సైగ చేశాడు.

సంగతి తెర్యోకి అప్పుడు బోధపడింది. సెదెస్ కథ వారంవారం చదవదు. వచ్చే గురువారం దాకా ఆగడం తనవల్ల కాదంటుంది. పుస్తకాలు తాడుతో కట్టి పెట్టుకుని, కథ ముగిశాక ఒక్క బిగిన చదువుతుంది. ఇది ఆ వీధంతటికీ తెలుసు. ఆమె చేపల బజారులోకి వస్తే ఆడవాళ్ళు మాట మార్చేస్తారు. ఇంట్లో ఉస్తింగ్ టైపు కాయితాన్ని కత్తెరతో ముక్కలు చేసి, ఆమె గీయాల్సిన వాటి ముక్కలే ఆమెకిస్తాడు. పెళ్ళి పేజీలోనూ ముందు గుంపును ఆమె చేత గీయించి, జంటను తర్వాత తనే గీశాడు. ఇస్కో మునిగిన పేజీకి ఆమె ఊరెళ్ళినప్పుడు తనే సిరా పట్టించాడు. ఆ వారం అలలు వంకర టింకరగా వచ్చాయని తెర్యోకి గుర్తే. తుపాను అలాగే ఉంటుంది కాబోలనుకుని మెచ్చుకున్నాడు కూడా.

తెర్యో నోట్లోంచి మాట రావడమే అరుదు. వస్తే సూటిగా వస్తుంది.

"ఇస్కో చచ్చిపోయాడు, ఆలింగ్ సెదెస్. ఇరవై రెండో భాగంలో."

ఆమె కుంచెను నీళ్ళగిన్నెలో పెట్టింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది. భర్త వైపు తిరిగింది.

"పదకొండు వారాలు. ఇది కడుపులో పెట్టుకుని నా పక్కన గుర్రు పెట్టి నిద్రపోయావా?"

"గుర్రు పెట్టలేదు," అన్నాడు ఉస్తింగ్.

ఇక దాచేదేముంది? తెర్యో అంతా చెప్పాడు. కాసిలాగ్ పెట్టిన రెండు దారులూ, సోమవారం గడువూ చెప్పాడు. చెబుతుంటే కోపం మళ్ళీ రాజుకుంది. మనిషి ఉన్నాడో పోయాడో చూసుకోకుండా బొమ్మ గీసేదేమిటి, ఇన్నేళ్ళు కట్టుకున్న పేరు ఒక్క పేజీతో కూలిపోయింది అన్నాడు. ఉస్తింగ్ తల దించుకున్నాడు. ఆ రోజు పేజీలు తీసుకెళ్ళేవాడు గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడని, గుంపు వైపు తను సరిగా చూడలేదని గొణిగాడు.

సెదెస్ లేచి బిస్కట్ల డబ్బా తీసుకొచ్చింది. అందులో కాయితం ముక్కలు. వెతికి ఒకటి తీసి తెర్యో ముందు పెట్టింది. అతని టైపు మిషను అక్షరాలే అవి.

'మూడో వరస. మనవాళ్ళందరూ.'

అంతే ఉంది.

"మనవాళ్ళందరూ అని మీరే రాశారు," అంది. "గోడకు అంటించిన మొహాలన్నీ గీశాను. వాడు మనవాడు కాడా?"

తెర్యో ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. మరింగ్ కళ్ళ గురించి ఆ వేళ అతను పది లైన్లు రాశాడు. గుంపు దగ్గరకు వచ్చేసరికి పదకొండున్నరైంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. గుంపుల గురించి ఏనాడూ అతను ఒక లైను పూర్తిగా రాసి ఎరగడు. ఆరు వేళ్ళవాడు గుర్తొచ్చాడు. పూసలవాడు గుర్తొచ్చాడు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు సైను బోర్డులు రాసుకుంటున్నాడని విన్నాడు.

ఆమె ఊరుకోలేదు.

"శవాన్ని ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు. సముద్రం ఇవ్వలేదు."

"కడిగిందెవరు? తల దువ్విందెవరు?"

"ఎవరూ లేరు."

"అయితే మీరు చంపలేదు. వెతకడం మానేశారు, అంతే."

జాలరుల బిడ్డ ఆమె. సమార్ ఒడ్డున పుట్టింది. మాట ఎగతాళిగా అనలేదు, తూకం సరిచూసినట్టు అంది. తెర్యో చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. బెలెన్‌ను అతనే కడిగాడు. జుట్టు చిక్కుపడితే కొబ్బరినూనె రాసి మెల్లగా తీశాడు. ఆ సంగతిలో అనుమానానికి చోటు లేదు. ఇస్కో విషయంలో ఉన్నది బోర్లా పడిన పడవొక్కటే. రెండూ ఒకటేనని తొమ్మిదేళ్ళుగా రాస్తూ వచ్చాడు. ఒకటి కావు.

సెదెస్ మళ్ళీ కుంచె తీసుకుంది. పొరపాటు తనదని మీ ఎడిటరుతో చెప్పమంది. తన పేరు చెప్పినా ఫరవాలేదు, ఈయన పేరు మాత్రం తియ్యొద్దంది. బతిమాలినట్టు లేదు. తెర్యో ఇంకో ఎండుచేప అడిగి తిని, సాయంత్రమవకముందే బయల్దేరాడు.

సోమవారం పదింటికి ముందే కాసిలాగ్ గదిలో ఉన్నాడు.

"ఇస్కో బతికే ఉన్నాడు."

కాసిలాగ్ లేచి నిలబడ్డాడు. ఎంత పని చేశావయ్యా, ఇంకో నలభై వారాలు నడుస్తుందన్నాడు. ఎలా బతికాడో చెప్పమన్నాడు.

"ఇంకా తెలీదు. ఇంకో మాట. పేజీ మీద బొమ్మలు ఉస్తింగ్, సెదెస్ అని రెండు పేర్లు పడాలి."

"సెదెస్ ఎవరు?"

"నీళ్ళు గీసేది."

"పెళ్ళామా? పెళ్ళాం చేత గీయిస్తున్నాడా? అదెలా కుదురుతుంది పెద్దాయనా, రేపు అందరూ ఇంటిల్లిపాదినీ తెస్తారు."

"కుదరకపోతే రెండోదే అచ్చు వెయ్యి. కింద ఇంకో లైను కూడా వెయ్యి. రచయిత గుంపు సరిగా రాయలేదని. వేశాక మేకుల మీదున్న అయిదు కథలూ నేను పట్టుకుపోతా."

కాసిలాగ్ అతని మొహం చూశాడు. అయిదు కథలంటే అయిదు రోజుల పత్రికలు. వారంలో మిగిలేవి రెండు. పేర్లు కాయితం మీద రాసుకున్నాడు.

ఆ గురువారం ఇస్కో బతికే ఉన్నాడన్న కబురుతో పాటు రెండు పేర్లూ అచ్చయ్యాయి. అచ్చాఫీసు ఎదుట కాఫీ బడ్డీ దగ్గర తోటి రచయితలు తెర్యో కోసమే కాచుకుని ఉన్నారు. తెర్యో మగ్‌సుంబోల్ గారు శ్మశానం గేటు తీశారట, మనమూ మన శవాల్ని పంపుదామా అన్నారు. ఒక్కడికే తీశానని చెప్పి అతను కాఫీ తాగాడు. ఆ మాట అతను అనుకున్నంత మంట పెట్టలేదు. తినాంగ్ తన పంది మాంసం వెనక్కి ఇమ్మంది. వండడం తనకు చేపలొకటే వచ్చునన్నాడు. అయితే వంట తనే చేస్తుంది, సరుకు అతను తేవాలంది. ఆదివారం సరుకు తెచ్చాడు. చావుకు తిన్నవాళ్ళంతా బతికినందుకు మళ్ళీ తిన్నారు. ఈసారి అతనూ బెంచీ చివర కూర్చుని తిన్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇస్కో ఎలా బతికాడో అతనికి నిజంగానే తెలియదు. మనిషిని వెనక్కి తేవడం అతనెప్పుడూ చెయ్యని పని. మతిమరుపు రాయడానికి చెయ్యి రాలేదు. గురువారం మేకు, ఇస్కో కథది, ఖాళీగా ఉండిపోయింది. శనివారం టైపు మిషను సంచీలో పెట్టుకుని నవోతస్ వెళ్ళాడు.

కథ సగం తెలిసిపోయింది కాబట్టి ఇంక ముక్కలు చదవనని సెదెస్ తేల్చిచెప్పింది. ముందుగా అంతా చెబితేనే కుంచె ముట్టుకుంటానంది. తెర్యో తనకు తెలియదన్నాడు. తెలియకపోవడమేమిటని ఆమె నవ్వింది. వాళ్ళ చిన్నాన్న ఇలాగే పోయాడట. తుపానుకు పడవలోంచి కొట్టుకుపోతే ఎవరో పరదేశం ఓడవాళ్ళు ఎక్కించుకుని ఎక్కడో దింపారు. కూలిపని చేసి చేసి, మూడేళ్ళకు తిరిగొచ్చాడు. సరిగ్గా ఆయన సంవత్సరీకానికి అన్నం వండుతున్న రోజున.

తెర్యో కాయితం ఎక్కించాడు. "అందరూ మీదపడి ఏడ్చారా?"

"లేదు. ముందు కాళ్ళు చూశారు, నేలకు ఆనుతున్నాయా లేదా అని. మా అమ్మమ్మైతే వంగి వేలితో పొడిచి చూసింది."

ఉస్తింగ్ కిటికీ దగ్గరనుంచి లేచొచ్చాడు. రెండు చేతులతో పెన్సిలు పట్టుకుని, మొదటి గడి నిండా రెండు పాదాలు గీయడం మొదలుపెట్టాడు. మడమలు పగిలిన పాదాలు. గీత కొంచెం వణికింది. పాదాలకు ఆ వణుకు బాగానే ఉంది.

"ఆయన ఏమన్నాడు?" అని అడిగాడు తెర్యో. "గుమ్మంలోకి రాగానే, మొట్టమొదటి మాట."

సెదెస్ సిరా సీసా మూత తిప్పి తీసింది.

"'నా పడవ ఎవడమ్మాడు?' అన్నాడు."

తెర్యో తల ఊపాడు. అదే టైపు చేశాడు, ఒక్క అక్షరం మార్చకుండా. తర్వాత గుమ్మంలో ఎవరెవరున్నారో, ఎవరి చేతిలో ఏముందో, ఒక్కొక్కరి పేరూ ఆమెను అడిగి రాయసాగాడు.